రెట్టింపు ఇంపొజిషన్

నవంబరు 5

పదేళ్ళ తర్వాత మళ్ళీ సుద్దముక్క పట్టాను. చేతికి పని గుర్తుంది. మోకాళ్ళే మర్చిపోయాయి.

హనుమేష్ బతిమాలితే ఒప్పుకున్నాను. నా దగ్గర లెక్కలు నేర్చుకున్నానని చెప్పుకుంటాడు. నేర్చుకుని ఉంటే సాంఘిక శాస్త్రం మాస్టరు అయ్యేవాడు కాదు. ఇప్పుడు కోడుమూరు అవతల ఒక పల్లెలో హెడ్మాస్టరు. అక్కడి లెక్కల టీచరు ప్రసవానికి సెలవు పెట్టింది. "రెండు నెల్లు మేడం, రెండే రెండు నెల్లు. ఎనిమిదో తరగతి పిల్లోల్లు ఘాతాంకాల కాడ నిలబడిపోయినారు," అన్నాడు. కర్నూల్లో కూర్చుని కోడలు చూసే సీరియళ్ళ కథ కంఠతా పట్టడం కన్నా ఇది నయం.

బస్సు ఊళ్ళోకి రాదు, క్రాసు రోడ్డు దగ్గర దించేస్తుంది. బడి అక్కడికి రెండు కిలోమీటర్లు. బడి కమిటీ ఛైర్మన్ కంబన్న మోటారుబండి మీద వచ్చి ఎక్కించుకుపోయాడు. రోజూ తనే వస్తాడట. కొడుకు గోపీనాథ్ ఎనిమిదిలోనే ఉన్నాడు. తరగతిలో ఫస్టట. తండ్రే చెప్పాడు.

నవంబరు 7

పిల్లలు ఇరవై ఆరుగురు. 2³ ఎంతంటే ఇరవై మంది ఆరు అన్నారు. ఎక్కడికి వెళ్ళినా అదే ఆరు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆ ఆరు నన్ను వదల్లేదు, ఇక్కడికీ వచ్చింది.

నా రెట్టింపు పద్ధతి వివరించాను. ఘాతాంకం చెవికి చెప్తే ఎక్కదు, చేతికి చెప్పాలి. తప్పు చేసినవాళ్ళు మొదటి రోజు ఇంపొజిషన్ రెండు వరసలు రాయాలి. ఒప్పుకుని సరిదిద్దుకుంటే సరే. లేకపోతే మర్నాడు నాలుగు, ఆ మర్నాడు ఎనిమిది. రెండు అనగానే పిల్లలు నవ్వారు. ఎప్పుడూ నవ్వుతారు. నా సర్వీసులో ఐదో రోజు దాటినవాళ్ళు లేరు.

ఈ ఊళ్ళో ఇళ్ళకు తాళాలు పడే కాలం వచ్చింది. గుంటూరు వైపు పత్తికీ మిరపకీ కుటుంబాలు టెంపోలెక్కి పోతాయి. సుగ్గి అంటారు. పిల్లలు వాళ్ళ వెంట పోకుండా ఊళ్ళోనే ఉండడానికి బడిలోనే నాలుగు నెలలు హాస్టలు నడుపుతారు. ఎవరు ఉంటారో ఎవరు పోతారో హనుమేష్ జాబితా రాసుకుంటున్నాడు. "ఒకతూరి పోయిన ఆడపిల్ల మళ్ళా బడికి రాదు మేడం," అన్నాడు. వాడు చెప్పిన మాటల్లో అదొక్కటే లెక్క ప్రకారం ఉంది.

నవంబరు 12

పరీక్ష పెట్టాను. ఐదు ప్రశ్నలు. ఐదోది ఎవరికీ రాదని తెలిసే ఇచ్చాను. అహంకారం తగ్గడానికి ఒకటి ఉండాలి.

అందరూ బుద్ధిగానే రాశారు. గోపీనాథ్ రెండుసార్లు వెనక్కి తిరిగాడు, పెన్ను అడగడానికనుకుంటా. వెనక కూర్చునేది సుంకమ్మ అనే పిల్ల. వంచిన తల ఎత్తదు.

నవంబరు 13

ఐదో ప్రశ్న: 2³⁰ పెద్దదా, 3²⁰ పెద్దదా? ఇరవై నాలుగు మంది వదిలేశారు. ఇద్దరు చేశారు. మొదటిది 8¹⁰, రెండోది 9¹⁰, కనుక రెండోదే పెద్దది. ఇద్దరి కాగితాల్లోనూ అవే మాటలు, అదే వరస. ఇద్దరూ ముందూ వెనకా కూర్చునేవాళ్ళు. ఒకరు కంబన్న కొడుకు. ఇంకొకరు సుంకమ్మ, సుగ్గికి పోయే గిడ్డమ్మ అనే కూలామె కూతురు. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

సుంకమ్మను నిలబెట్టాను.

"ఎవరిది చూసినావు?"

"యవురిదీ చూడలే మేడం."

"మరి నీకెట్ల వచ్చింది?"

"ముప్పైలో పది మూడుతూర్లు ఉండాది. ఇరవైలో రెండుతూర్లు ఉండాది. పదిని బయట పెట్టినా."

"బయటనా? యాడ పెట్టినావు, వసారాలోనా?"

తరగతి ఘొల్లున నవ్వింది. ఏ తరగతినైనా రెండు నిమిషాల్లో నవ్వించగలను. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. ఏడవనూ లేదు. 'నేను చూసి రాశాను. ఇక రాయను' అని రెండు వరసలు రాసి తెమ్మన్నాను. అక్కడే రాసిచ్చింది. సంతకం పెట్టాను.

కాగితాలన్నీ సంచిలో కట్టేశాను. ఇంక చూడాల్సింది ఏమీ లేదు.

నవంబరు 14

బాలల దినోత్సవం. నిజాయితీ గురించి పావుగంట మాట్లాడాను. గోపీనాథ్ గులాబీ ఇచ్చాడు. తప్పు ఒప్పుకుందామని సుంకమ్మ వస్తుందేమో అని చూశాను. నాలుగు వరసలు ఇచ్చి పోయింది.

నవంబరు 15

ఎనిమిది.

నవంబరు 17

పదహారు. మొండి పిల్ల. అందరి ముందూ "చూసినా మేడం" అని ఒక్కమాట అంటే అయిపోయేది. అదే చెప్పాను. నేల చూస్తూ నిలబడింది. కంబన్న బండి మీద వస్తూ అన్నాడు: "సుగ్గి పిల్లోల్లు అంతే మేడం. వాల్లకు సదువు యాడ ఒంటబట్టాది?" నేనేమీ అనలేదు. బండి మీద గాలికి మాట వినిపించదు.

వినిపించింది.

నవంబరు 18

ముప్పై రెండు. ఐదో రోజు. రేపు దారికొస్తుంది.

నవంబరు 19

రాలేదు దారికి. అరవై నాలుగు తెచ్చింది.

ఇంటికొచ్చి సంచి బల్లమీద పడేశాను. మనవరాలు ఆరాధన ఎనిమిదే చదువుతుంది, కర్నూల్లో పెద్ద స్కూలు, మెడకు టై. వారం కిందట ఆ ఐదో ప్రశ్న దానికీ ఇచ్చాను. పెన్ను కొరికి కొరికి "మా సిలబస్‌లో లేదవ్వా" అంది. ఈ రోజు అది కాగితాలు తిరగేసింది.

"అవ్వా, ఈ పిల్ల ఏం తప్పు చేసింది?"

"చూసి రాసింది."

"రాయలేదంటుంది కదా."

"నీకెవరు చెప్పారు?"

"ఇక్కడుంది. 'నేను చూసి రాయలేదు.' అన్నీ అవే. కింద నువ్వు సంతకం కూడా పెట్టావు!"

ఇంపొజిషన్ ఎవరు చదువుతారు? నేను వరసలు కూడా లెక్కపెట్టను, కాగితం మందం చూసి సంతకం గీకేస్తాను. ముప్పై నాలుగేళ్ళూ అంతే. మొదటి రోజు రాసిన రెండు వరసలు తీసి చూశాను. 'నేను చూసి రాయలేదు.' మొత్తం నూట ఇరవై ఆరుసార్లు ఆ పిల్ల తాను చూసి రాయలేదని చెప్పింది. ఆరుసార్లు నేను కింద సంతకం పెట్టి ధ్రువీకరించాను.

ఆరాధన పడీ పడీ నవ్వింది. నవ్వు నా దగ్గర నేర్చుకున్నదే.

నవంబరు 20

ఎంత పొగరు! చెప్పినదొకటి, రాసినదొకటి. ఇది చూసి రాయడం కన్నా పెద్ద తప్పు. నూట ఇరవై ఎనిమిదీ ఈసారి చదివాను. అన్నీ అవే.

"నేనేం రాయమన్నాను, నువ్వేం రాసినావు?"

"ఇంపొజిషన్ రాయమన్యారు మేడం. రాసినా."

"ఈ మాటేనా నేను చెప్పింది?"

"అది రాద్దామంటే చెయ్యి సాగడం లే మేడం. ఇదైతే ఎన్నైనా రాస్తా."

ఎవరో వెనక బెంచీలో కిసుక్కుమన్నారు. ఈసారి నవ్వింది నన్ను చూసి.

"అట్లనా? అయితే రేపు..."

"రెండు వందల యాబై ఆరు," అంది, నేను అనేలోపే.

ఆపేయొచ్చు. అక్కడే ఆపేయొచ్చు. నలుగురిలో ఆపడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు.

నవంబరు 21

256 తెచ్చింది. నోటుబుక్కు అయిపోయినట్టుంది. సగం నుంచి సైన్సు నోట్సు వెనక కాగితాలు. చివర క్యాలెండరు కాగితాలు, జనవరి నుంచి అక్టోబరు దాకా, వెనకవైపు. నవంబరు చించలేదు.

చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. "ఏమైంది?" అన్నాను. "ఏం లే మేడం," అంది.

సంతకం పెట్టలేదు. పెట్టకుండా తీసుకోవడం కూడా ఏదో గొప్ప చేసినట్టు అనిపించింది ఒక క్షణం. అలాంటిదాన్ని నేను.

నవంబరు 22

512 రావాల్సిన రోజు. సుంకమ్మ రాలేదు. వాళ్ళమ్మ వచ్చింది.

గిడ్డమ్మకు నా కోడలి వయసే ఉంటుంది, చూస్తే నా వయసు అనిపిస్తుంది. హెడ్మాస్టరు గదిలోకి రాలేదు, గడప దగ్గరే నిలబడింది. లోపల హనుమేష్, కంబన్న, నేను.

"యెవురు ఆ లెక్కల మేడమ్మ? నువ్వేనా?"

"నేనే. కూర్చో."

"కూర్చునేకి రాలే. నా బిడ్డతో ఏం రాపిస్తాండావు? అన్నం తినే చేతిని యిట్ల ముడిచి పెట్టుకోనుండాది. మిరక్కాయ తెంపినా యింత నొప్పి రాదమ్మా, యేండ్ల తరబడి తెంపినా, నాకు తెలుసు."

హనుమేష్ లేచాడు. "గిడ్డమ్మా, నింపాదిగా..."

"నింపాదే సార్. సోమారం టెంపో పోతాంది. పిల్ల మాతోనే వచ్చాది. హాస్టలు పట్టీలో దాని పేరు కొట్టేయి."

"అట్లంటే యెట్లమ్మా? పోయినేడు నువ్వే కదా, దీన్నొక్కదాన్ని సదివిచ్చాలని నా కాళ్ళ మీద పడినావు?"

"నేను యిప్పుడూ అదే అంటాండా సార్. ఆ పిల్లే ఉండనంటాంది. 'నిజం రాస్తే దొంగ అంటారు, దొంగ అని రాస్తే మంచి పిల్ల అంటారు, ఆ బడి నాకొద్దుమా' అంటాంది. నేనేం చెప్పేది? నాకు సంతకమే రాదు."

అందరూ నా వైపు చూశారు. కంబన్న కూడా. ఒక్క వాక్యం చాలు. నా నోట్లో వాక్యాలకు ఎప్పుడూ కరువు లేదు.

"పిల్ల వచ్చి ఒప్పుకుంటే అంతా ఇక్కడితో అయిపోతుంది," అన్నాను.

గిడ్డమ్మ కొంగు దోపుకుంది. "నీకు పిల్లోల్లు ఉండారా మేడమ్మా?" అని అడిగి, జవాబు వినకుండానే పోయింది.

హనుమేష్ పట్టీలో ఎర్రపెన్నుతో గీత గీశాడు. వాడి చెయ్యి చాలాసేపు ఆ గీత మీదే ఉంది.

నవంబరు 23

ఆదివారం. చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు పల్లె పిల్లల కోసం ప్రార్థన చేయమని నన్నే అడిగారు. చేశాను. బాగా చేశానన్నారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. అయినా ఇందులోనూ అబద్ధం రాశాను.

పదమూడో తేదీన 'ఇంక చూడాల్సింది ఏమీ లేదు' అని రాశాను కదా. ఆ సాయంత్రం బస్సులోనే చూశాను. కోడుమూరు దాటకముందే సంచి విప్పి ఆ రెండు కాగితాలూ తీసి వెనక్కి తిప్పాను. సుంకమ్మ కాగితం వెనక చిత్తు లెక్క ఉంది. మొదట 4¹⁵, 9¹⁰ అని రాసి కొట్టేసింది, పైన అంకెలు కలవలేదు కనుక. తర్వాత 32⁶, 81⁵. అవీ కలవలేదు, కొట్టేసింది. ఆ కింద ముప్పైని, ఇరవైని పక్కపక్కన రాసి, రెండింట్లోనూ ఉన్న పదికి సున్నా చుట్టింది, పెన్ను కాగితాన్ని చీల్చేంత గట్టిగా. ఆ సున్నా చూస్తే నాకు తెలిసిపోయింది. వెతికి దొరికినవాళ్ళు చుట్టే సున్నా అది. ఎక్కడ నేర్చుకుందో తెలియదు, నేను మాత్రం నేర్పలేదు.

గోపీనాథ్ కాగితం వెనక క్రికెట్ బ్యాటు బొమ్మ ఉంది.

పెన్ను అడగడానికి తిరిగాడనుకుంటా అని రాశాను. వాడి చేతిలో పెన్ను ఉంది. రెండుసార్లూ ఉంది. చూశాను.

'పదిని బయట పెట్టినా.' అంతకన్నా శుభ్రంగా ఆ మెట్టును నేను ఏ తరగతిలోనూ చెప్పలేదు. దాని మీద వసారా అని జోకు వేశాను.

మర్నాడే చెప్పి ఉంటే సరిపోయేది. మర్నాడు నిజాయితీ మీద ఉపన్యాసం ఉంది. ఆ తర్వాత ఎనిమిది, ఆ తర్వాత పదహారు. వరసలు పెరిగినకొద్దీ నా నోరు తెరవడం కూడా అంతే వేగంగా కష్టమైంది. కంబన్న మజ్జిగ తెచ్చేవాడు. క్రాసు నుంచి రెండు కిలోమీటర్లు నడవాల్సి వస్తుందని కూడా ఒకసారి ఆలోచించాను. ఒక పిల్ల చదువుకు నేను ఎదురు తూచిన రాయి అది.

ఇంకొకటి ఉంది. మా అమ్మ విశ్వాసమ్మ శనక్కాయలు ఒలిచే కూలికి పోయేది. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక లెక్క నాకొక్కదానికే వచ్చింది. "ఎవరిది చూసినావు?" అన్నాడు మాస్టరు. నేను ఎవరిదీ చూడలేదు. అయినా ఏడ్చి, చూశానని ఒప్పుకున్నాను. ఒప్పుకుంటే కూర్చోమంటారని. ఆయన కూర్చోమన్నాడు. మంచి పిల్ల అన్నాడు. ఆ మంచితనంతోనే ఇంత దూరం వచ్చాను.

ఈ పిల్ల ఒప్పుకోలేదు. ఆమె పొగరు మీద నాకు కోపం రాలేదు. నేను చేయలేనిది నా కళ్ళ ముందు రోజుకు రెట్టింపు చొప్పున చేసి చూపించింది. దానికి వచ్చింది కోపం.

రేపు పొద్దున్న మొదటి బస్సు.

నవంబరు 24

కంబన్నకు ఫోన్ చేయలేదు. క్రాసు నుంచి నడిచాను. మోకాళ్ళు అడుగడుగునా అభిప్రాయం చెప్పాయి.

నీళ్ళ ప్లాంటు పక్కన టెంపో నిలబడి ఉంది. బియ్యం మూటలు, గిన్నెలు, చుట్టిన చాపలు, ఒక కోడి. పాతికమంది ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. సుంకమ్మ మూటల మీద కూర్చుని ఉంది. కిందకి రమ్మన్నాను. రాలేదు. సరే, నేనే తల పైకెత్తి మాట్లాడాను. అలవాటు లేని పని.

"నువ్వు చూసి రాయలేదు సుంకమ్మా. నీ లెక్క నీదే. తప్పు నాది."

గిడ్డమ్మ చేతిలో బిందె అలాగే ఉండిపోయింది.

"నాకు మొదటి రోజు సాయంత్రమే తెలిసింది," అన్నాను. అది కూడా చెప్పకపోతే చెప్పినట్టు కాదు.

సుంకమ్మ అంది: "నాకూ తెలుసు మేడం, మీకు తెలుసని."

"ఎట్ల?"

"రెండో దినం నుంచి మీరు నా మొగం సూడలే."

బడికి రా అన్నాను. హాస్టల్లో ఉండు, హనుమేష్ సారుతో నేను మాట్లాడతాను అన్నాను. ఆమె వింది.

"ఈడ చెప్తే ఏం లాభం మేడం? వీల్లందరికీ తెలుసు నేను చూసి రాయలేదని. తెలియనోల్లు బల్లో ఉండారు."

గిడ్డమ్మ నవ్వింది. మొదటిసారి చూశాను ఆమె నవ్వు. "టెంపో పదిగంటలకు పోతాదమ్మా. బడి తొమ్మిదికి కదా?" అంది. అంతే.

సుంకమ్మ అడిగినది న్యాయం. మూటల మీద కూర్చున్నవాళ్ళ ముందు తప్పు ఒప్పుకోవడం నాకు సులువు. అందుకే అక్కడికి వెళ్ళాను కాబోలు.

తొమ్మిదికి తరగతిలో చెప్పాను. సుంకమ్మ లోపలికి రాలేదు, వాకిట్లో వాళ్ళమ్మ పక్కన నిలబడింది. హనుమేష్‌ను పిలిపించాను. కంబన్న, క్రాసు దగ్గర నాకోసం కాచి కాచి, అప్పుడే బండి ఆపి వచ్చాడు. ఐదో ప్రశ్న బోర్డు మీద రాశాను. ఆ పిల్ల ఎలా చేసిందో, కొట్టేసినవాటితో సహా రాశాను. ఇది సుంకమ్మ పద్ధతి అన్నాను. ఆ రోజు ఆమె చెప్తే అర్థమై కూడా ఎగతాళి చేశానన్నాను. ఆమెను దొంగ అన్నది నేనని, ఆ సాయంత్రమే నిజం తెలిసి పదకొండు రోజులు నోరు మూసుకున్నది నేనని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండును.

గోపీనాథ్ పేరు ఎత్తలేదు. వాడే లేచాడు. "నేను తిరిగి చూసినా మేడం," అని ఏడ్చాడు. "కూర్చోరా," అన్నాడు వాకిట్లోంచి తండ్రి. వాడు కూర్చోలేదు. పదమూడేళ్ళ పిల్లవాడికి ఒక్క నిమిషం పట్టింది, నాకు పదకొండు రోజులు.

"మేడం, యిది మీరు నాకు యింటికాడ చెప్పుంటే పోయుండేది," అన్నాడు కంబన్న. అవును, అందుకే చెప్పలేదు అన్నాను. బండి తీసుకుని పోయాడు.

టెంపో హారను మోగింది. గిడ్డమ్మ కూతురి వైపు చూసింది. "నీ ఇష్టమేమా," అంది. సుంకమ్మ బోర్డు మీద ఉన్న తన లెక్కను మొదటి నుంచి చివరిదాకా చదివింది. "మేడం, ముప్పై రెండు పైన ఆరు. మీరు ఐదు రాసినారు," అంది. చూశాను. నిజమే. దిద్దాను.

అప్పుడు లోపలికి వచ్చి తన చోట కూర్చుంది. గిడ్డమ్మ వాకిట్లో నిలబడి కొంగుతో మొహం తుడుచుకుని, హారను మళ్ళీ మోగేసరికి పరుగెత్తింది. హనుమేష్ పట్టీలో పేరు మళ్ళీ కింద రాశాడు. కొట్టేసిన పేరు కొట్టేసినట్టే ఉంది పైన.

నవంబరు 25

రాయడానికి ఏమీ లేదు. ఉంది. రాయను.

నవంబరు 28

ఆమె హాస్టల్లోనే ఉంది. తింటోంది, పడుకుంటోంది, వేలికి గుడ్డ తీసేసింది. నా తరగతికి వస్తుంది. చెప్పినది చేస్తుంది. నేను అడిగితే జవాబు చెప్తుంది, అడిగినంతే. నమస్కారం పెడుతుంది.

మధ్యాహ్నం నేను స్టాఫ్ గదిలో కూర్చుని కాగితాలు దిద్దుతున్నాను. పక్కది హనుమేష్ గది. మధ్యలో గోడ పైదాకా లేదు. సుంకమ్మ గొంతు వినిపించింది.

"సార్, రెండు పైన మైనస్ ఒకటి ఉంటే ఎంత సార్?"

"నాకేం తెలుసమ్మా, నాది సోషలు. పక్కనే ఉండారు కదా రెజీనా మేడం, పోయి అడుగు."

పెన్ను కింద పెట్టాను. చీర సర్దుకున్నాను. ఎంత మెల్లగా, ఏ ఉదాహరణతో మొదలుపెట్టాలో కూడా అనుకున్నాను.

"వద్దులే సార్," అంది ఆ పిల్ల. "నేనే చూసుకుంటా."

అడుగుల చప్పుడు నా గుమ్మం ముందుకు వచ్చి, ఆగకుండా, వరండా చివరికి పోయింది.